నలభై రెండో గొంతు

మంచిర్యాలల మార్కెట్ రోడ్డుకు లోపటి సందుల ఒక పిండి గిర్ని ఉంటది. గిర్ని మీద విజయేందర్ స్టూడియో ఉంటది. బోర్డు మీద ‘భూమిక డిజిటల్ ఆడియో రికార్డింగ్’ అని పెద్దగ రాయించిండు గని, సందులోళ్లందరు దాన్ని గిర్ని మీది రూమనే అంటరు. కింద జొన్నలు పడ్తె ఆ సప్పుడు పైన మైకుల పడ్తది. గందుకే విజయేందర్ రికార్డింగులన్ని గిర్ని ఓనర్ బువ్వకు పోయే ఒంటిగంటకు మొదలువెట్టి మూడింటికి బంద్ జేస్తడు. గా ఓనర్ బువ్వ తిని ఒక కునుకు తీస్తడు. మంచిర్యాల సంగీతమంత ఆ కునుకు మీద నడుస్తున్నది.

సప్పుడు మళ్లి కొట్టకుండ గోడల నిండ కోడిగుడ్ల అట్టలు కొట్టిండు. అత్తగారింటోళ్లు మొదటిసారి వచ్చినప్పుడు గవి చూసి, ఈయన గుడ్ల యాపారం సుత చేస్తున్నడనుకున్నరు. “ఫికర్ లేదు, మనిషికి రెండు పనులుంటె మంచిదే,” అని ధైర్యం చెప్పి పోయిన్రు.

విజయేందర్‌కు పెండ్లయి పదకొండేండ్లు. గీ పదకొండేండ్లల్ల ఆయన మామ ఇస్తారి, చిన్నల్లుడు ఏం పని జేస్తడో ఒక్క మనిషికి చెప్పలే. ఎవరన్న ఇంటికి వస్తె పెద్దల్లుడు లక్ష్మీరాజంను చూపెట్టి, “గవర్నమెంట్ సారు, చొప్పదండి హైస్కూలు,” అంటడు. విజయేందర్ దగ్గరికి వచ్చేసరికి, “గీయన మా భూమిక పెనిమిటి,” అని, అటెన్క వాన గురించి మాట్లాడ్తడు. ఎండకాలంల సుత వాన గురించే మాట్లాడ్తడు.

విజయేందర్‌కు గిది కడుపుల ముల్లు లెక్క ఉన్నది. గని పైకి చెప్పడు. అడిగి చెప్పించుకుంటె మర్యాద ఏముంటది?

ఇస్తారి బొగ్గుబాయి కంపెనీల మస్టర్ క్లర్కు. మస్టరంటె హాజరు. బొగ్గుబాయిల ఎవడు దిగిండో ఎవడు దిగలేదో బాయికి తెల్వదు, మస్టర్ బుక్కుకు తెలుస్తది. ముప్పైమూడేండ్లు గా బుక్కు రాసిరాసి ఇస్తారి లోకాన్నంత రెండు కుప్పలు పోసుకున్నడు: మస్టర్ పడ్డోళ్లు, పడనోళ్లు. ఇంట్ల సుత గదే లెక్క. పెద్దబిడ్డ నర్మద తొట్టెల ఫంక్షన్‌కు రాని మేనబావతోని ఇప్పటికి మాట్లాడడు. గా మేనబావ గా దినం టైఫాయిడ్‌తోని దవాఖానల ఉన్నడు. “ఉంటె ఉండనీ. సిక్ లీవు పెట్టాలె గదా,” అంటడు ఇస్తారి.

గసొంటి ఇస్తారి వచ్చే నెల రిటైరైతున్నడు.

పోయినేడు ఆయన దోస్తు హనుమండ్లు రిటైరైనప్పుడు కరీంనగర్ పోయి, సింగర్ను పెట్టి, తన మీద ఒక పాట చేయించుకున్నడు. డప్పులు, సన్నాయి, డ్రోన్ వీడియో. కాలనీల వారం దినాలు గదే మోగింది. ఇస్తారి పాటను మొదటికెల్లి ఆఖరుదాంక విని ఒక్కటే మాట అన్నడు. “పాట మంచిగున్నది. గని కొడుకు గొంతు లేదు, బిడ్డ గొంతు లేదు, పెండ్లాం గొంతు లేదు. ఇంటోళ్లందరు ఆబ్సెంటు. గదేం పాట?”

ఒక మంగళవారం పగటిపూట ఒంటిగంటన్నరకు ఇస్తారి గిర్ని మీదికి ఎక్కిండు. పదకొండేండ్లల్ల ఒంటరిగ వచ్చుడు గిదే మొదటిసారి. విజయేందర్ కుర్చీ తుడిచి వేసిండు, చాయ్ తెప్పిచ్చిండు. ఇస్తారి చంకల కెల్లి ఒక పొడుగు బుక్కు తీసి ఒళ్లె పెట్టుకున్నడు.

“పాట జెయ్యాలె. నలభై ఒక్కమంది. ఒక్కొక్కలకు ఒక్క లైను.”

“నలభై ఒక్కమందా? ఒక్క పాటలనా, మామా?”

“బాయిల ఒక్క షిఫ్టుకు నాలుగు వందల మంది దిగుతరు. నీ కంప్యూటర్ల నలభై ఒక్కమంది పట్టరా?”

పడ్తరు. విజయేందర్ సాఫ్ట్‌వేర్ తెరిచి చూపెట్టిండు. ఒక్కొక్క గొంతుకు ఒక్కొక్క ట్రాకు, అడ్డం పట్టీల లెక్క ఒకదాని కింద ఒకటి. ఎడమ దిక్కు పేరు రాసుకునే గడి. కుడి దిక్కు గొంతు పడ్డకొద్ది గీతలు.

ఇస్తారి కండ్లద్దాలు సరిజేసుకోని స్క్రీన్ దగ్గరికి వంగిండు. “ఎడమకు పేరు, కుడికి హాజరు,” అన్నడు. “గిది మస్టర్ బుక్కే గదా. ఎవరు కనిపెట్టిన్రో గని కంపెనీల పనిజేసినోడే అయివుంటడు.”

పాట సుత ఇస్తారే రాసిండు. ఒక్కటే లైను. ‘మా బాపు ఇస్తారి, గడియారం తప్పినా గాయిన తప్పడు.’ బాపు ఉన్నకాడ ఎవరి వరుస వాళ్లు మార్చుకోవాలె. తాత, మామ, తమ్ముడు, మేనమామ. నలభై ఒక్కసారి ఒకటే లైను పాడితె పాటెట్లైతదని విజయేందర్ అడుగలే. ఆయన మనసు వేరే కాడ ఉన్నది.

ఇస్తారి పేర్లు చదువుతుంటె విజయేందర్ టైపు చేసుకుంట పోయిండు. మొదటి నంబరు కొడుకు రాకేశ్. మూడు నర్మద. నాలుగు లక్ష్మీరాజం. ఐదు భూమిక. ఆరో నంబరు తనదే ఉంటదని ముందుగాలనే ‘వి’ కొట్టిపెట్టుకున్నడు. ఆరుకు ఇచ్చోడల ఉండే మేనత్త పేరు వచ్చింది. ‘వి’ని చెరిపిండు. పదిల రాలే. ఇరవైల రాలే. నలభై నంబరుకు రాకేశ్ బిడ్డ, ఎనిమిది నెలల పిల్ల. నలభై ఒకటి అత్త సరోజన. ఇంట్ల అందరు తిన్నంకనే తింటది, పాటల సుత గట్లనే ఆఖరుకు వచ్చింది. ఇస్తారి బుక్కు మూసిండు.

“ఎవరినన్న మర్చిపోయినవా, మామా?”

“నేను మర్చిపోవుడా?”

“అల్లుళ్లు...”

“రాసిన గదా, లక్ష్మీరాజం. నాలుగో నంబర్.” ఇస్తారి చాయ్ కప్పు కింద పెట్టి లేసిండు. “నువ్వు మిషన్ మీద ఉంటవ్. మిషన్ తిప్పెటోనికి పాటెందుకు? మబ్బు పడ్తున్నది, పోత.”

బయట ఎండ దంచి కొడ్తున్నది.

ఇంటికి పోయినంక భూమిక సంగతి విని, “బాపును నేనడుగుతా?” అన్నది.

“నువ్వడిగితె రెకమండేషన్ అయితది.”

“మరి నువ్వడుగు.”

“అడిగి రాయించుకుంటె అది మస్టరెట్లైతది?”

“అంటె అలిగినవ్.”

“అలుగలే.”

అలుగలేదని చెప్పుకుంటనే విజయేందర్ రెండు దినాలు బువ్వల పెరుగు వేసుకోలే. భూమిక సుత పెరుగు గిన్నె ముందుకు జరుపలే. ఆమె ఇస్తారి బిడ్డ.

రికార్డింగులు షురూ అయినయి. దినానికి ఐదుగురో ఆరుగురో, ఒంటిగంట నుంచి మూడుదాంక. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, అండ్ల టిక్కు టిక్కుమని తాళం ఇడిస్తె, దాని మీద ఎవరి లైను వాళ్లు పాడాలె. ఎవ్వలు దాని మీద పాడలే. టిక్కు దారి టిక్కుది, మనిషి దారి మనిషిది. ఇచ్చోడ మేనత్త రాలేకపోయి ఫోన్ల పాడి పంపింది, వెనుక లారీ హారన్‌తోని సహా. తాళంల, శ్రుతిల సరిగ్గ పడ్డది నలభై నంబర్ ఒక్కతే. గా పిల్ల పాడలే, ఏడ్చింది.

ఆదివారం లక్ష్మీరాజం వచ్చిండు. ఇస్త్రీ అంగి, జేబుల రెండు పెన్నులు, ఒక చిన్న స్కేలు. మైకు ముందట నిలబడి గొంతు సవరించుకోని, “సభకు నమస్కారం,” అన్నడు.

“అన్నా, సభ లేదు. లైను పాడు సాలు.”

పాడిండు. హెడ్‌ఫోన్లు తీసి నేరుగ స్క్రీన్ కాడికి వచ్చిండు. తన ట్రాక్ మీద పడ్డ గీతలను చూసిండు. పైనున్న నర్మద గీతలను చూసిండు.

“తమ్మీ, గిది నాదేనా? గింత సన్నగున్నదేంది?”

“అది అంతే ఉంటదన్నా. వింటె మంచిగనే ఉన్నది.”

“వినుడెవరికి గావాలె? నర్మదది చూడు, దూది పరుపు లెక్కున్నది. నాది చీపురు పుల్ల.” జేబుల కెల్లి స్కేలు తీసి స్క్రీన్‌కు ఆనిచ్చి కొలిచిండు. “ఒక సెంటీమీటర్ రెండు పాయింట్లు. మన బామ్మర్దిది రెండున్నర. నేను ఇంటికి పెద్దల్లున్ని తమ్మీ. నాలుగో నంబరోన్ని.”

మల్ల పాడిండు. ఈసారి పదో తరగతి పిల్లలు గ్రౌండ్ల ఉన్నట్టు పాడిండు. స్క్రీన్ మీద ఎర్ర లైటు వెలిగింది, గొంతు పలిగింది, గుడ్ల అట్ట ఒకటి గోడ మీదికెల్లి ఊడి పడ్డది.

గా సాఫ్ట్‌వేర్ల ఒక బటన్ ఉంటది. దాన్ని ఒత్తితె గొంతు ఇసుమంత సుత పెరుగదు, కంటికి గీత ఒక్కటే లావైతది. విజయేందర్ మొదటి టేకునే మల్ల తెచ్చి పెట్టి, గా బటన్ మూడుసార్లు ఒత్తిండు.

లక్ష్మీరాజం స్కేలు పెట్టిండు. మూడు సెంటీమీటర్లు. “ఆ! గిప్పుడు గదా గొంతు వచ్చింది,” అన్నడు. హెడ్‌ఫోన్లు బల్ల మీదనే ఉన్నయి.

గా స్క్రీన్‌కు ఫోటో తీసుకోని ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల పెట్టిండు. గా పొద్దుకెల్లి విజయేందర్ ఫోన్ పండుకోలే. నర్మద ఫోన్ జేసి, “మరిదీ, నాది మా ఆయినకన్న జర సన్నగ పెట్టు, లేకుంటె ఇంట్ల బతుకనియ్యడు. గని మా మరదలు, గదే రాకేశ్ పెండ్లాంకన్న లావుండాలె,” అన్నది. గా మరదలు ఫోన్ జేసి, తనకు లావు సన్నం పట్టింపు లేదనీ, వదినెకు ఎంతుందో కొంచెం చెప్పుమనీ అడిగింది. విజయేందర్ ఒక్కొక్కలకు ఒక్కొక్క ఫోటో తీసి పంపిండు. ప్రతి ఫోటోల ఎవరి గీత వాళ్లకు లావుగ ఉన్నది. అందరిండ్లల్ల శాంతి నెలకొన్నది. ఒక్కలు సుత పాట వినుమని అడుగలే.

ఆఖరుకు సరోజన వచ్చింది. చేతుల టిఫిన్ డబ్బ. అండ్ల సర్వపిండి.

“నాకు పాట రాదు బిడ్డా,” అన్నది. నిలబడి నోరు తెరిస్తె ఇన్ని దినాలల్ల గిర్ని మీద పడని గొంతు పడ్డది. “మా ఇంటాయినా...” అని ఎత్తుకున్నది. నోరు మూసింది. ఒక్క దెబ్బ తాళం పోనిచ్చి, “...గడియారం తప్పినా గాయిన తప్పడు,” అని దించింది.

“అత్తమ్మా, మస్తు పాడినవ్. గని నడుమ పేరున్నది.”

“ఉంటె ఉండనీ.”

“ఒక్కపారి అంటె...”

“లగ్గమైన కాన్నుంచి ఆయినను పేరు పట్టి పిలువలే. బ్యాంకుల అడిగితె సుత ఆధార్ కార్డు చూపెట్టి చదువుకోమన్న. గీ మైకు డబ్బ ముందట పడ్తనా?” టిఫిన్ డబ్బ బల్ల మీద పెట్టి చెప్పులేసుకున్నది. “తిను బిడ్డా, సల్లారుతది.”

విజయేందర్ ఇస్తారికి ఫోన్ చేసిండు. అత్తమ్మ లైన్ల పేరు లేకుంటె నడుస్తదా అని అడిగిండు.

“పేరు లేకుంటె మస్టరెట్ల పడ్తది? ఆబ్సెంటే.”

“అత్తమ్మ ఆబ్సెంటా, మామా?”

“రూలు అందరికి ఒకటే. నడుమ ఖాళీ ఉంటె నేను బుక్కుల టిక్కు పెట్టను,” అని ఫోన్ పెట్టేసిండు.

గిది పెద్ద పని గాదు. నర్మద ట్రాక్‌ల నుంచి ‘ఇస్తారి’ అన్న ముక్క కోసి సరోజన ట్రాక్‌ల అతికిస్తె అయిపోతది. విజయేందర్ కోసిండు. అతికిచ్చిండు. విన్నడు. మంచిగనే ఉన్నది. సర్వపిండి ముక్క నోట్లె పెట్టుకోని గా జాగను చూసుకుంట కూసున్నడు. ఒక సెకను, మీద కొంచెం. నలభై ఒక్కమంది ఉన్న పాటల, అత్తగారి ఖాన్‌దాన్ మొత్తంల, ఖాళీగున్న జాగ గదొక్కటే.

అతికిచ్చిన ముక్కను తీసేసిండు.

తలుపు గొళ్లెం పెట్టిండు. ఫ్యాన్ బంద్ జేసిండు. కొత్త ట్రాక్ తెరిచి మైకు ముందట నిలబడ్డడు. నోరు తెరిస్తె ‘మామా’ అనే వచ్చింది. పదకొండేండ్లు మామా అని పిలిచిన నోరు. ఫోన్ల సుత ‘మామ’ అనే ఉన్నది పేరు. మొదటి టేకుల “ఇస్తారి మామ” అని పడ్డది. రెండో దాంట్ల “ఇస్తారి గారు” అని పడ్డది. మూడో దాంట్ల పేరైతె పడ్డది గని, ఎన్కనుంచి ఎవరో ఇంటున్నట్టు సన్నగ వణికింది. ఆరో టేకుకు చెప్పులిడిసిండు. పన్నెండో టేకుకు చేతులు గట్టుకున్నడు. పదిహేడో టేకుకు కండ్లు మూసుకోని, ఎంటపడ్డ కుక్కను ఉల్టా తనే గెదిమినట్టు, “ఇస్తారి!” అన్నడు.

కింద గిర్ని షురూ అయింది. టైము సరిగ్గ మూడు.

ట్రాక్‌కు పేరు పెట్టలే. పెడితె కనబడ్తది. స్క్రీన్ మీద కనబడకుండ దాచిపెట్టే బటన్ సుత ఉంటది, దాన్ని ఒత్తిండు.

రిటైర్మెంట్ ఫంక్షన్ నస్పూర్ కాలనీ కమ్యూనిటీ హాల్ల, పగటిపూట. గోడ పొడుగుత ఇస్తారి ఫ్లెక్సీ. స్టేజి మీద ఇస్తారి, మెడల దండలు, భుజం మీద శాలువలు, ఒళ్లె మస్టర్ బుక్కు, చేతుల పెన్ను. వచ్చిన ఆఫీసర్లకు ఇంటోళ్లను చూపెట్టుకుంట పోయిండు. “మా పెద్దల్లుడు. గవర్నమెంట్ సారు, చొప్పదండి హైస్కూలు.” విజయేందర్ లాప్‌టాప్ వైర్లు సర్దుకుంట మూలకు ఉన్నడు. “గాయన మా భూమిక పెనిమిటి. ఈ యేడు వానలెట్లుంటయో, సార్?”

విజయేందర్ పాట పెట్టిండు.

‘మా బాపు ఇస్తారి...’ టిక్కు. ‘మా బాపు ఇస్తారి...’ టిక్కు. హాల్ల ఉన్నోళ్లల్ల ఎవరి లైను వచ్చినప్పుడు వాళ్లు ఫోన్ లేపి వీడియో తీసుకున్నరు, అయినంక బగారన్నం దిక్కు చూసిన్రు. మొత్తం పాట విన్నది ఇద్దరే. ఒకరు టిక్కులు పెట్టేటాయిన. ఇంకొకరు మూలకున్నాయిన.

లారీ హారన్ వచ్చింది, టిక్కు. పిల్ల ఏడుపు వచ్చింది, టిక్కు. ఆఖరుకు సరోజన గొంతు.

‘మా ఇంటాయినా...’

‘ఇస్తారి!’

‘...గడియారం తప్పినా గాయిన తప్పడు.’

పెన్ను గాలిల ఆగింది.

“మల్ల వెయ్యి,” అన్నడు ఇస్తారి.

విజయేందర్ మల్ల వేసిండు. గీసారి బగారన్నం దిక్కు ఎవరు చూడలే.

“నలభై ఒక్క పేర్లు,” అన్నడు ఇస్తారి బుక్కు చూసుకుంట. “నలభై రెండు గొంతులు.”

సరోజన లేసి నిలబడ్డది. “నేను పట్టలే! నేనెవరి పేరు పట్టలే! నా నోట్లకెల్లి మొగగొంతు ఎట్లచ్చింది?”

“నాది నాలుగో నంబరు, మామయ్యా. నాకు సంబంధం లేదు,” అన్నడు లక్ష్మీరాజం. “కావాలంటె ఫోటో ఉన్నది.”

“నా పాటల గిసొంటి గడ్‌బడ్ లేకుండె,” అన్నడు ముందు వరుసల కూసున్న హనుమండ్లు, శాన సంతోషంగ.

భూమిక తన పెనిమిటి దిక్కు చూసింది. విజయేందర్ మూలకెల్లి రెండడుగులు ముందుకు వచ్చిండు. చెప్పులు ఎప్పుడు ఇడిసిండో ఆయనకే తెల్వదు.

“నేనే, మామా.”

“నువ్వా? నన్ను పేరు పట్టి పిలిచినవా?”

“అత్తమ్మ పట్టకపాయె. పట్టకుంటె ఆమెకు ఆబ్సెంటు పడ్తుండె. గందుకని ఆమె జాగల నేను పట్టిన.”

ఇస్తారి పెన్ను మూత పెట్టిండు, తీసిండు. అటెన్క హనుమండ్ల దిక్కు తిరిగిండు.

“ఒకల జాగల ఇంకొకలు పనిజేస్తె కంపెనీల ఏమంటరు?”

“దొంగ మస్టరంటరు,” అన్నడు హనుమండ్లు.

“దొంగ మస్టర్ పెట్టినోడు ఒప్పుకోడు. గీయన ఒప్పుకున్నడు.”

హనుమండ్లు ఇష్టం లేకనే చెప్పిండు. “అయితె బదిలీ. పర్మినెంటోడు రాకుంటె ఆని జాగల దిగెటోడు.”

ఇస్తారి నలభై ఒకటి కింద స్కేలు లేకుంటనే ఒక గీత కొట్టిండు. నలభై రెండు అని వేసిండు. పేరు రాసిండు. పని అనే గడి కాడ ఆగిండు. హాలంత చూస్తున్నది.

“నువ్వు జేసే పనిని ఏమంటరు?”

పదకొండేండ్లకెల్లి విజయేందర్ గీ ప్రశ్నకు జవాబులు తయారు చేసుకోని పెట్టుకున్నడు. సౌండ్ ఇంజినీర్, మిక్సింగ్, మాస్టరింగ్. గిప్పుడు గవన్ని పక్కకు పెట్టిండు.

“రికార్డింగ్, మామా.”

“రికార్డింగంటె?”

“ఎవరెవరు వచ్చిన్రో, ఒక్కలు తప్పిపోకుండ పట్టిపెట్టుడు.”

“అంటె క్లర్కు పనే గదా,” అన్నడు ఇస్తారి. “ముందుగాల చెప్పద్దా?”

‘బదిలీ క్లర్కు’ అని రాసిండు. టిక్కు పెట్టిండు. అటెన్క సరోజనకు టిక్కు పెట్టిండు. “నూట తొంభై మస్టర్లు పడ్తె పర్మినెంట్ చేస్త. రూలు అందరికి ఒకటే. ఇగ తినుండ్రి.”

ఇంటికి పోతుంటె బండి ఎన్క కూసోని భూమిక లెక్క కట్టింది. “యేడాదికి మనం మా ఇంటికి పోయేది రెండుసార్లు. అంటె తొంభై ఐదేండ్లు పడ్తది.”

విజయేందర్ బండి జోరు పెంచిండు. ఇంటికి పోయినంక బువ్వల పెరుగు రెండుసార్లు వేసుకున్నడు.

తెల్లారి పొద్దుగాల ఏడింటికి విజయేందర్ బండి నస్పూర్ కాలనీల ఇస్తారి ఇంటి ముందట ఆగింది. ఇస్తారి అరుగు మీద పేపర్ చదువుతున్నడు. రిటైరైన మొదటి దినం. పేపర్ దించి చేతి గడియారం చూసుకున్నడు.

“ఏడు కొట్టి నాలుగు నిమిషాలు.”

“రైల్వే గేటు పడ్డది, మామా.”

“రేపటికెల్లి గేటును లెక్కల పెట్టుకోని బయలెల్లు.”

పేపర్ కిందికెల్లి బుక్కు తీసి విజయేందర్ పేరు కాడ టిక్కు పెట్టిండు. రెండు. సరోజన రెండు కప్పుల చాయ్ తెచ్చింది. పక్కింటి అంతయ్య పాల ప్యాకెట్లు పట్టుకోని పోతుపోతు గోడ మీదికెల్లి తొంగి చూసిండు.

“ఎవరే ఇస్తారన్నా, పొద్దుపొద్దుగాల?”

“మా చిన్నల్లుడు. క్లర్కు,” అన్నడు ఇస్తారి. చాయ్ ఊదుకుంట తాగిండు.

పైన నిజంగనే మబ్బు పట్టి ఉన్నది. గని ఇస్తారి వాన గురించి మాట్లాడలే.